అవ్వ లెక్క తప్పిన గంప

నా చిన్నప్పుడు, యుద్ధం రోజుల్లో, చేవెళ్ల అంగడిలో మా అవ్వను ఎవరో తెలియదన్నాను. మొన్న భాషల చదువు చదివే మా మనవరాలు తైవాన్ కొండల్లోని అటయాల్, సెడిక్ భాషల గురించి చెప్పింది. రెండూ అక్కచెల్లెళ్ల లాంటివట. అక్కడి ఆడవాళ్లు నేతలో చేయి తిరిగినవాళ్లట. పిల్లలు మాత్రం నలుగురిలో తమ భాష మాట్లాడడానికి సిగ్గుపడ్డారట. నేను తల వంచుకుని విన్నాను. ఆ సిగ్గు నాకు తెలుసు.

మేం ఎరుకలవాళ్లం. సురంగల్ ఊరి పక్కన గుడిసె వేసుకుని ఈత బరిగెలతో గంపలు అల్లేవాళ్లం. ఇంట్లో మా భాష, బయట తెలుగు. గంప అడుగు వేసేటప్పుడు అవ్వ బరిగెలను మా భాషలోనే పైకి లెక్కపెట్టేది. నేను ఒక్కొక్కటి అందిస్తూ గొంతు కలిపేదాన్ని.

అంగడిలో బట్టల దుకాణం షావుకారు బిడ్డ నాకు నేస్తమైంది. నేనెవరి పిల్లనో ఆమెకు చెప్పలేదు. ఒకనాడు ఇద్దరం దుకాణం మెట్ల మీద ఉండగా, అవ్వ నెత్తిన గంపలతో వచ్చి మా భాషలో నన్ను అన్నానికి పిలిచింది. నేస్తం పకపకా నవ్వింది.

“గదేం భాషనే? ఆ ముసలామె నీకు తెల్సా?”

“నాకేం తెల్సు? ఎవ్వలో!” అన్నాను.

అవ్వ నావైపు తిరిగింది. తర్వాత తెలుగులో, “గంప గావాల్నా బిడ్డా? మీ అమ్మనడిగి రాపో,” అని, పరాయి పిల్లతో బేరమాడినట్టే మాట్లాడి ముందుకు నడిచింది. నా పరువు కాపాడింది. నాకు అన్నం సహించలేదు.

ఆ సాయంత్రం అవ్వ కొత్త గంప మొదలుపెట్టి తెలుగులో లెక్కపెట్టింది. పదకొండు దగ్గర తడబడింది. విప్పి మళ్లీ వేసింది, మళ్లీ తప్పింది. ఏనాడూ తప్పని చేతులవి.

“మన మాటల్నే లెక్కవెట్టు అవ్వా,” అన్నాను.

“నీకు తెల్వదంటివి గద బిడ్డా. నీకు సమజ్ గావాలె గదా,” అంది, కోపం లేకుండా. రెండు దెబ్బలు వేసినా బాగుండేది.

ఏడుస్తూ బరిగె అందుకుని మా భాషలో మొదటి అంకె పలికాను. రెండోదీ నేనే పలికాను. అడుగు నిండేదాకా నా ఒక్క గొంతే. చివరి అంకెకు మాత్రం అవ్వ గొంతు కలిసింది.

ఇప్పటికీ మందు బిళ్లలు లెక్కపెడితే ఆ అంకెలే వస్తాయి, పెదవుల చాటున. నిన్న మనవరాలు విని, “నానమ్మా, అదేం భాష?” అని అడిగింది. నా పిల్లలకు నేను నేర్పనేలేదు. అవ్వను ఎవరో తెలియదన్నది ఆ ఒక్కనాడే కాదు.