మైకు ఆగిపోయే సందు

ఊరంతటికీ అతను గొంతు. సొంత సందులో మాత్రం మూగోడు.

మున్సిపాలిటీ ఆటోలో డ్రైవరు పక్కన ఇరుక్కుని, ఒక చేత్తో మైకు, ఇంకో చేత్తో కాగితం పట్టుకుని "పురప్రజలకు విజ్ఞప్తి" అన్నాడంటే, డాబాల మీద బట్టలు ఆరేసేవాళ్ళు కూడా క్లిప్పులు పంటితో పట్టుకుని ఆగిపోయేవాళ్ళు. రేపు నీళ్ళు రావన్నా, వీధికుక్కలకు సూదులేస్తారన్నా, పన్ను కట్టకపోతే కుళాయి పీకేస్తారన్నా, ఆ గొంతులో పెళ్ళికి పిలుస్తున్నంత మర్యాద. కబురు ఎంత చెడ్డదైతే అంత తియ్యగా చదివేవాడు. అదేం జబ్బో అతనికే తెలియాలి.

పాత గిడ్డంగుల వెనక ఉంటుంది అతని సందు. గిడ్డంగి సందు అనే అంటారు. ఆటో దూరితే రెండు పక్కలా మనుషులు గోడకు అతుక్కుపోవాలి. ఒక ఇంట్లో తుమ్మితే మూడో ఇంట్లో తిట్టుకుంటారు. ఆ సందు మధ్యలో, కిటికీ పక్కన కుట్టు మిషను వేసుకుని, అతని అక్క కర్టెన్లూ బడిపిల్లల బట్టలూ కుట్టేది. అమ్మ పోయాక అతన్ని పెంచింది ఆమే. ప్రేమగా పెంచిందని ఎవరూ అనలేరు గానీ, కడుపు మాత్రం మాడ్చలేదు. ఆమెకు పార్శ్వపు నొప్పి. వచ్చిందంటే తలకు గుడ్డ బిగించి కట్టుకుని, కిటికీ సగం మూసుకుని, కనబడ్డవాణ్ణల్లా తిడుతూ కుట్టేది.

ఉద్యోగం వచ్చిన కొత్తలో అతను మైకు ఆన్‌లోనే ఉంచి సొంత సందులోకి ఆటో పోనిచ్చాడు. అందరూ బయటికొచ్చి చూసి మురిసిపోతారనుకున్నాడు. అందరూ బయటికైతే వచ్చారు. అక్క కిటికీలోంచి చెంబు విసిరింది. పక్కింటి రిటైర్డు హెడ్మాస్టరు బనీను మీదే గుమ్మంలోకొచ్చి, నిద్రపోతున్న మనిషిని లేపడం ఎంత నేరమో అర్ధగంట పాఠం చెప్పాడు. ఆనాటి నుంచీ సందు మొదట్లో మైకు బొత్తాం నొక్కి ఆపేవాడు. ఆటో నోరెత్తకుండా సందంతా దాటాక, ఆ చివర మళ్ళీ నొక్కేవాడు. మూగోడనే పేరు అలా వచ్చింది. పెట్టింది పాలావిడ. ఖాయం చేసింది అక్క.

"మూగోడికి పిల్లనెవరిస్తారే?" అని సంబంధం తెచ్చినవాళ్ళ ముందే అనేది. నలభై దాటినా ఎవరూ ఇవ్వలేదు మరి.

సందులో వాళ్ళకు మున్సిపాలిటీ కబుర్లు తెలియకుండా పోయేవా అంటే, అదీ లేదు. రాత్రి కంచం ముందు కూర్చున్నప్పుడు అక్కకు చెప్పేవాడు. తెల్లారేసరికి అక్క పాలావిడకు చెప్పేది. పాలావిడకు చెబితే ఇంక మైకెందుకు? ఏళ్ళ తరబడి అలాగే సాగింది. నీళ్ళు బంద్ అన్న రోజున ఊళ్ళో అందరికంటే ముందు బిందెలు నింపుకుని కూర్చునేది గిడ్డంగి సందే.

అలాంటి సందు మీదికి కొత్త బస్టాండు వచ్చి పడింది.

బస్టాండు ఊరి చివర కడుతున్నారు. మెయిన్ రోడ్డు నుంచి దానికో దారి వెయ్యాలి. బట్టల బజారు, ఆసుపత్రి వీధి, గిడ్డంగి సందు, ఈ మూడింట్లో ఏదో ఒకదాన్ని వెడల్పు చేస్తారు. అంటే రెండు పక్కలా కొట్టేస్తారు. ఏది కొట్టాలో జనాన్నే అడుగుతారట. ప్రజాభిప్రాయ సేకరణ అని దానికి పేరు. అతను చదవాల్సిన కాగితంలో చివరి వాక్యం ఇది: "సమావేశానికి హాజరు కానివారికి ఎట్టి అభ్యంతరమూ లేదని భావించబడును." ఆ 'భావించబడును' దగ్గర గొంతును కాస్త సాగదీసి, మెల్లగా దించేవాడు. బట్టల బజారులో అలా దించినప్పుడు కొట్లలోంచి జనం పరుగెత్తుకొచ్చారు. ఆసుపత్రి వీధిలో మందుల షాపాయన రెండోసారి చదివించుకున్నాడు.

సందు మొదట్లోకి రాగానే అలవాటుగా బొత్తాం మీదికి వేలు పోయింది.

"అన్నా, ఇవాళన్నా ఆపకు. మీ కొంపల సంగతే కదా" అన్నాడు డ్రైవరు.

నిజమే అనిపించింది. ఆపలేదు. "పురప్రజలకు విజ్ఞప్తి" అని మొదలుపెట్టాడు. రెండో మాట అనేలోగా హెడ్మాస్టరు బనీనుతో గుమ్మంలో ఉన్నాడు.

"ఏం రా, మళ్ళీ మొదలెట్టావా? మధ్యాహ్నం కన్ను మూయనివ్వవా?"

"అది కాదు మాస్టారూ, ఇది మన సందు గురించి..."

"మన లేదు గిన లేదు. ముందు కట్టెయ్!"

కిటికీలోంచి అక్క గొంతు వచ్చింది. "ఒరేయ్, ఆ డబ్బా ఆపుతావా, కత్తెర విసరమంటావా?"

"అక్కా, ఒక్క నిమిషం విను..."

"మూగోడికి మాటొచ్చిందర్రోయ్!" అని పాలావిడ కేక వేసింది.

సందంతా నవ్వింది. నవ్వితే నవ్వారు, కొత్తేం కాదు. తల రెండు చేతులతో పట్టుకుని అక్క కూడా నవ్వింది. నొప్పిలో కూడా ఆపుకోలేనంత నవ్వు వచ్చింది ఆమెకు. డ్రైవరు మొహం పక్కకు తిప్పుకున్నాడు, వాడి భుజాలు కదులుతున్నాయి. అతను బొత్తాం నొక్కేశాడు.

ఆ రాత్రి కంచం ముందు మాట్లాడకుండా తింటున్నాడు. అక్కే అడిగింది.

"ఏంట్రా మధ్యాహ్నం అరిచావు?"

నోటిదాకా వచ్చింది. అక్క మొహం చూస్తే నవ్వే గుర్తొచ్చింది.

"ఏం లేదు. కుక్కలకు సూదులు" అన్నాడు.

ఇంత చిన్న మాట. అన్నం ముద్దతో పాటు మింగేశాడు కూడా. శాశ్వతంగా దాచాలని కాదు. నాలుగు రోజులు పోనిచ్చి, వాళ్ళే వచ్చి బాబ్బాబు చెప్పరా అని అడిగితే, అప్పుడు తీరిగ్గా చెబుదామనుకున్నాడు. పంతం అంతే. దానికి ఇంతకంటే పెద్ద పేరు లేదు.

సమావేశానికి ముందు రోజు సాయంత్రం తలుపు వెనక చొక్కా విప్పుకుంటుంటే బయట మాటలు వినబడ్డాయి. పాలావిడ అంటోంది, "బజార్లో ఏదో రోడ్డు రోడ్డు అంటున్నారు మాస్టారూ. మనకేమైనా తగులుతుందేమో."

"మనకు తగిలేదైతే మనవాడు చెప్పడూ? మున్సిపాలిటీలోనే ఉన్నాడు కదా" అన్నాడు హెడ్మాస్టరు.

మనవాడు! ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. చొక్కా చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కడుపు నిండినట్టయింది. అప్పుడైనా బయటికెళ్ళి చెప్పొచ్చు. ఇంకొంచెంసేపు అలాగే మనవాడుగా ఉండాలనిపించింది. పొద్దున్నే చెబుదాంలే అనుకున్నాడు. పొద్దున్నే హాల్లో మైకులు బిగించాలని కబురొస్తే, మొహం కడుక్కుని పరుగెత్తాడు.

హాల్లో గోడకు పెద్ద మ్యాపు కొట్టారు. దాని మీద మూడు రంగుల్లో మూడు గీతలు. బట్టల బజారు వాళ్ళు ఇస్త్రీ చొక్కాలతో ముందు వరసలన్నీ నింపేశారు. ఆసుపత్రి వీధి వాళ్ళు చక్రాల కుర్చీలో ఒక ముసలమ్మను తోసుకొచ్చారు. ఆవిడది ఆ వీధి కాదని అందరికీ తెలుసు, అయినా ఏడుపు మాత్రం బాగా ఏడ్చింది. ఎవరు మాట్లాడినా వాళ్ళ నోటి దగ్గర మైకు పట్టడం అతని పని. పట్టాడు. అరిచినవాళ్ళకు దూరంగా, గొణిగినవాళ్ళకు దగ్గరగా. అరగంటలో రెండు గీతల మీద అడ్డంగా ఇంటూ గుర్తులు పడ్డాయి.

"ఇక గిడ్డంగి సందు. పిలువు" అన్నాడు చైర్మన్.

మూడుసార్లు పిలవాలని నియమం. "గిడ్డంగి సందు నివాసులు ఎవరైనా ఉంటే వేదిక దగ్గరకు రావలసిందిగా విజ్ఞప్తి" అన్నాడు. మంచి గొంతే. ఎవరూ లేవలేదు. రెండోసారి పిలిచాడు. తలుపు వైపు చూశాడు, ఎవరైనా వస్తారేమోనన్నట్టు. ఎవరొస్తారు? ఇతను చెబితే కదా. మూడోసారి పిలుస్తుంటే 'నివాసులు' అన్న మాట అతనికే తగిలింది. హాల్లో ఉన్న ఒకే ఒక్క నివాసి మైకు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నేనున్నాను సార్" అన్నాడు. మైకు ఆన్‌లోనే ఉంది. హాలంతా మోగింది.

"నువ్వా? నువ్వు స్టాఫువి కదయ్యా!" చైర్మన్ కుర్చీలో వెనక్కి వాలాడు. "మైకు మోసేవాడే మైకులో మాట్లాడితే ఇంక మేమెందుకు, ఇంటికెళ్ళి పడుకుంటాం."

బాగా నవ్వారు. బట్టల బజారు పెద్దమనిషి లేచి, "గిడ్డంగి సందు వాళ్ళు బంగారు మనుషులండీ. ఊరి కోసం నోరెత్తకుండా త్యాగం చేస్తున్నారు. చప్పట్లు!" అన్నాడు. చప్పట్లు కొట్టారు. అతని చేతిలో మైకు ఆ చప్పట్లను కూడా పెద్దవి చేసి వినిపించింది.

ప్లానింగ్ ఆఫీసరు ఒక్కడే నవ్వలేదు. మంచివాడని కాదు, రేపు కోర్టు గొడవ వస్తుందని భయం. "ఆగండి. ఏమయ్యా, మీ సందులో ప్రకటన చేశావా లేదా? చెయ్యలేదంటే ఇప్పుడే చెప్పు. మీటింగు వాయిదా వేస్తాను, మీవాళ్ళు వచ్చి చెప్పుకోవచ్చు. నీ ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం."

అంత సులువుగా దారి చూపించాడు. చెయ్యలేదు సార్ అంటే చాలు. సందు నిలబడుతుంది, అక్క కిటికీ నిలబడుతుంది, మిషను నిలబడుతుంది. మైకు ఒక్కటే పోతుంది. అతను మైకు వైపు చూసుకున్నాడు. అది లేకపోతే ఊళ్ళో కూడా మూగోడే.

"చేశాను సార్" అన్నాడు.

మూడో గీత చుట్టూ ఆఫీసరు ఎర్రగా సున్నా చుట్టాడు.

ఇతను ఇంటికి చేరేలోగా కబురు చేరిపోయింది. డ్రైవరు మోశాడు దాన్ని, మైకు లేకుండానే. హెడ్మాస్టరు, పాలావిడ, ఇంకో పదిమంది చైర్మన్ ఇంటికి పరుగెత్తారు. చైర్మన్ వాళ్ళకు మజ్జిగ ఇప్పించి, "మీవాడే చెప్పాడమ్మా, ప్రకటన చేశానని. మీకు అభ్యంతరం ఉంటే రావద్దూ?" అని చల్లగా సాగనంపాడు.

తిరిగొచ్చి అందరూ అతని గుమ్మం ముందు నిలబడ్డారు.

"చెప్పబోతే మీరే కదా నోరు మూయించారు" అన్నాడు.

"ఎప్పుడు? ఎవరు?" అన్నాడు హెడ్మాస్టరు. ఆ మొహం చూస్తే ఆయనకు నిజంగానే గుర్తులేదనిపించింది. "నేను మధ్యాహ్నం నిద్రే పోను."

"నేనా? నేనేమన్నాను?" అంది పాలావిడ.

అతను అక్క వైపు చూశాడు. ఆమె కత్తెర పక్కన పెట్టింది.

"రాత్రి నేను అడిగాను" అంది. "కుక్కలకు సూదులన్నావు."

"నువ్వు నవ్వావక్కా."

"నాకు తలనొప్పిరా, చెవుడు కాదు. అన్నం పెట్టినదాని ముందు మెల్లగా ఒక్క మాట చెప్పలేకపోయావా?"

అతన్ని ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అదొక్కటే చెయ్యలేదు. మర్నాటి నుంచీ మూగోడా అని పిలవడం మానేశారు. "గొంతుగారూ, కాస్త తప్పుకుంటారా" అనేవాళ్ళు కుళాయి దగ్గర. "గొంతుగారికి పాలు లేవమ్మా, అయిపోయాయి" అనేది పాలావిడ, నిండు క్యాను ముందు పెట్టుకుని. అక్క కంచం గుమ్మం బయట పెట్టి తలుపు మూసేది. మీరు అనడం మొదలుపెట్టింది. పెంచిన మనిషి నోట మీరు అని వినడం ఎలా ఉంటుందో అతను ఎవరికీ చెప్పుకోలేకపోయాడు. ఎవరికి చెప్పాలి, ఏ మైకులో?

సందు ఖాళీ చెయ్యాలన్న ప్రకటన కూడా అతనికే ఇచ్చారు. వేరేవాళ్ళకివ్వండి సార్ అని ఆఫీసరు కాళ్ళావేళ్ళా పడ్డాడు. "మొన్న చేశావుగా, ఇదీ చెయ్యి" అన్నాడు ఆఫీసరు.

సందు మొదట్లో బొత్తాం మీద వేలు పెట్టాడు. నొక్కలేదు. ఆటో మెల్లగా లోపలికి దూరింది. ఈసారి ఎవరూ అరవలేదు. హెడ్మాస్టరు చొక్కా వేసుకుని మరీ గుమ్మంలో నిలబడ్డాడు. అక్క తలకు గుడ్డ కట్టుకుని బయటికొచ్చి, ఆటోకి ఎదురుగా నిలుచుంది.

చదివాడు. "ప్రజాభిప్రాయ సేకరణలో ఎట్టి అభ్యంతరమూ రానందున... వచ్చే సోమవారం లోపు ఇళ్ళు ఖాళీ చేయవలెను. సహకరించిన గిడ్డంగి సందు నివాసులకు పురపాలక సంఘం కృతజ్ఞతలు తెలుపుతున్నది." చెడ్డ కబురు కదా, గొంతు తియ్యగానే వచ్చింది. దాన్నెలా చెడగొట్టాలో అతనికి తెలియలేదు. రెండోసారి చదివి, డ్రైవర్ని పోనియ్యమని మోచేత్తో పొడిచాడు.

"ఇంకా అయిపోలేదు కదండీ?" అంది అక్క. "మూడుసార్లు చదవాలట. చదవండి."

"నీకు తలనొప్పి కదక్కా..."

"మాస్టారికి సరిగ్గా వినబడలేదు. గట్టిగా చదవండి."

అక్క ఆటో ముందు నుంచి తప్పుకుని ఇంట్లోకెళ్ళింది. అతను మూడోసారి మొదలుపెట్టాడు. ఆమె కుట్టు మిషనును గుమ్మం వైపు లాగుతోంది. ఇనప కాళ్ళు నేలను గీరుతున్న చప్పుడు మైకులో పడి సందంతా వినబడుతోంది. గడప దగ్గర మిషను ఇరుక్కుంది. ఒక చెయ్యి వేస్తే చాలు, దాటుతుంది. అతని ఒక చేతిలో మైకు, ఇంకో చేతిలో కాగితం. ఎవరూ కదల్లేదు. అక్క ఊపిరి బిగబట్టి లాగింది. మిషను దబ్బున గడప దాటి పడింది. దాని చక్రం ఊరికే తిరుగుతుంటే, అతను కృతజ్ఞతల దగ్గరికి వచ్చాడు.