బీన్స్‌కు ఇనుము పడదు

మా బావమరిదికి ఉన్నది ఒకే ఒక్క సిద్ధాంతం: బీన్స్‌కు ఇనుము తగలకూడదు. చాకు గానీ, కత్తిపీట గానీ దాని దరిదాపుల్లోకి రాకూడదు. చేత్తో తుంచాల్సిందే.

అతను మా బిస్కెట్ల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పెద్ద వంటవాడు. నేను అక్కడే స్టోర్ కీపర్ని. రెండేళ్లుగా మూడు వందల మందికి వారంలో ఆరు రోజులూ బీన్సే. సోమవారం వేపుడు, మంగళవారం కూర, బుధవారం సూప్. శనివారం వచ్చేసరికి గిన్నెలో ఉన్నదానికి పేరు పెట్టే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

ఎవరైనా సణిగితే చరిత్ర మొదలుపెట్టేవాడు. ఈ మొక్క పుట్టింది సముద్రాల అవతల. అక్కడివాళ్లకు ఆ రోజుల్లో ఇనుమంటేనే తెలియదు. వేల ఏళ్లు మనిషి వేళ్లు మాత్రమే చూసిన కాయకు ఉన్నట్టుండి చాకు చూపిస్తే భయంతో బిగుసుకుపోదా? అలా బిగుసుకున్న కాయ ఒకటి మూడు గంటలు ఉడికినా మెత్తబడలేదని ఒట్టు పెట్టేవాడు. ఒకసారి నా బెల్టుకు ఇనుప బకిల్ ఉందని విప్పించి పక్కన పెట్టాడు. ఆ రోజు ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని, రెండో చేత్తో భోజనం చేశాను.

అంతలో కొత్త మేనేజరు వచ్చాడు. కూరగాయలు తరిగే యంత్రాన్ని శుక్రవారం పరీక్షకు రప్పిస్తున్నానన్నాడు. ఇరవై ఏళ్లుగా క్యాంటీన్ మూలన స్టూలు మీద కూర్చుని కూరగాయలు బాగుచేస్తున్న ముసలావిడతో దానికి పోటీ; ఆమెను అందరం పెద్దమ్మ అంటాం. యంత్రం గెలిస్తే ఆమె ఇక రానక్కర్లేదు.

ఆ మాట విన్న దగ్గర్నుంచి మా బావమరిదికి కాలు నిలవలేదు. శుక్రవారం తెల్లవారకముందే మార్కెట్టుకు పరిగెత్తి, బజారులోకెల్లా ముదురు కాయలు ఏరి తెచ్చాడు. వాటి అంచున ఉండే ఈనెలతో బట్టలారేసుకోవచ్చు.

క్యాంటీన్ కిటకిటలాడింది. యంత్రం మొదటి గుప్పెడు టకటకా నమిలింది. చప్పట్లు. రెండో గుప్పెడూ నమిలింది. మా బావమరిది ముఖంలో నెత్తురుచుక్క లేదు. మూడో గుప్పెడికి ఈనెలన్నీ బ్లేడుకు చుట్టుకుని, యంత్రం పిల్లిలా ఒక్క అరుపు అరిచి ఆగిపోయింది. పెద్దమ్మ అప్పటికే బుట్ట ఖాళీ చేసి చేతులు తుడుచుకుంటోంది. జనం ఈలలు వేశారు.

మేనేజరు మాత్రం తగ్గలేదు. ఇంతకంటే పెద్ద యంత్రానికి ఆర్డరు రాస్తానన్నాడు.

ఓదారుద్దామని సాయంత్రం బావమరిది ఇంటికి వెళ్లాను. వంటింట్లో టకటకమని చప్పుడు. తొంగి చూస్తే, మూరెడు చాకుతో బీన్స్ తరుగుతున్నాడు.

"ఒరేయ్, అది ఇనుము కాదట్రా?"

చాకు వెనక్కి దాచుకోబోయాడు. అది దాగేంత చిన్నది కాదు.

"పెద్దమ్మకు చూపు ఆనట్లేదు బావా. కత్తిపీట ముందు కూర్చోబెడితే వేళ్లు మిగలవు. బీన్సయితే తడిమి తుంచేస్తుంది, ఒక్క ఈనె వదలదు."

"అందుకని రెండేళ్లుగా మా చేత బీన్స్ తినిపిస్తావా?"

"మరి గుమ్మడికాయను చేత్తో తుంచలేం కదా."

మర్నాడు మేనేజరు నన్ను పిలిచాడు. ఎదురుగా ఆర్డరు కాగితం, చేతిలో పెన్ను. చదువుకున్నవారు మీరు చెప్పండి, ఈ ఇనుము గొడవ నిజమేనా అని అడిగాడు. చిన్నప్పుడు కాన్వెంటు సిస్టర్ల ముందు అలవాటైన అమాయకపు ముఖం పెట్టి, మా ముత్తాత ఓడలో లంగరు గొలుసు పక్కన పెట్టిన బీన్స్ బస్తా రేవు చేరేసరికి సగానికి ముడుచుకుపోయిందని చెప్పాను.

ఆయన పెన్ను ఆగింది. "ఈ యంత్రం బ్లేడు ఇనుము కాదండీ, స్టెయిన్‌లెస్ స్టీలు."

"అదైతే మరీ ప్రమాదం సార్. అందులో కాయకు తన ముఖం తనకే కనిపిస్తుంది."

మేనేజరు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సొరుగులో పడేశాడు.

"పాపం" అన్నాడు, బీన్స్ గురించే.