అందరికీ నా నంబరే

జనగామ నుంచి బదిలీ అయి చిట్యాల దిక్కు ఒక సబ్ సెంటర్‌కు ఏఎన్‌ఎంగా వచ్చాక నా పనిలో సగం రిజిస్టర్లు నింపడమే. గర్భిణులకొకటి, టీకాలకొకటి, మాత్రలకొకటి. ప్రైవేటు ఆసుపత్రులు వాడే సాఫ్ట్‌వేర్‌నే ప్రభుత్వం కొన్నదని, ఇక కాగితాలు అక్కర్లేదని భూపాలపల్లి శిక్షణలో చెప్పినప్పుడు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. ఫోన్ నంబరు కొడితే చాలట, ఏ ఊరి దవాఖానలోనైనా మనిషి వివరాలన్నీ తెర మీదికి వస్తాయట.

ఆ నంబరు దగ్గరే మాకు చిక్కు. చాలామంది ఆడవాళ్ళకు సొంత ఫోను లేదు. మొగుళ్ళు చెల్పూరు వైపు లారీలు నడుపుతూ, ఆఫరు వచ్చినప్పుడల్లా సిమ్ మారుస్తారు. ఓటీపీ చెప్పకపోతే పేరు ఎక్కదు. ఎండన పడి కడుపుతో వచ్చిన మనిషిని ఉత్త చేతులతో ఎలా పంపను? నా నంబరే ఎక్కించి, దవాఖానలో అడిగితే చెప్పమని నోటికి నేర్పించేదాన్ని. మా సిస్టర్లంతా చేసేది అదే.

రిజిస్టర్లలోని పాత వివరాలు కూడా కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించిన వారానికి మా పెద్ద దవాఖాన కంప్యూటర్ ఆపరేటర్ ఫోన్ చేశాడు. నవ్వు ఆపుకోలేకపోతున్నాడు.

"సిస్టర్, మీరు ఒక్కపారే ఆరు కాన్పులు అయితున్నరు. గిదేంది?"

ఒక నంబరంటే ఒక మనిషే అని ఆ సాఫ్ట్‌వేర్ లెక్క. నా నంబరున్న ఆరుగురినీ కలిపేసింది. పేర్లు ఆరున్నాయి, వివరాలు మాత్రం చివర ఎక్కించిన ఆమెవే. నేనూ నవ్వాను. అందరిదీ ఒకే బరువు, ఒకే బీపీ. రక్తం గ్రూపు దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. అందరికీ పాజిటివ్ అని ఉంది. వాళ్ళలో ఒకమ్మాయిది నెగెటివ్, తొలి కాన్పు.

నెగెటివ్ తల్లికి పాజిటివ్ బిడ్డ పుడితే మూడు రోజుల్లోపు ఒక సూది వేయాలి. వేయకపోతే ఈ బిడ్డకేం కాదు, ఆ తర్వాత కడుపున పడే బిడ్డకు ప్రాణగండం. ఆ అమ్మాయేమో పురిటికి పెద్దవంగర దగ్గర తల్లిగారింటికి వెళ్ళిపోయింది. గ్రూపు రాసిన కార్డు ఇక్కడే వదిలి వెళ్ళింది. కాగితాలు అక్కర్లేదని ఇంటింటికీ చెప్పింది నేనే కదా.

ఫోన్ చేద్దామని ఆమె వివరాలు తెరిస్తే అక్కడున్నది నా నంబరు. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

ఆమె అత్తగారింటికి పరుగెత్తాను.

"తల్లిగారోళ్ళ నంబరు నా కొడుకు కాడుంటది. వాని ఫోను కలుస్తలేదు," అంది అత్త. "ఏమైంది నర్సమ్మా, గట్ల పరేషాన్ అయితున్నవ్?"

బస్సెక్కి నేనే పోదామని రోడ్డు మీదికి వచ్చి నిలబడితే ఫోన్ మోగింది. ఆ అమ్మాయి పురుడు పోసుకున్న దవాఖాన నర్సు.

"మొన్న ఆడపిల్ల పుట్టింది. గిప్పుడు ఇంటికి పంపిస్తున్నం. మీ ఫోనుకు ఓటీపీ వచ్చింది, జర చెప్పుండ్రి."

"చెప్పను," అన్నాను. "ముందుగాల ఆమె రక్తం మళ్ళా చూడక్కా. అండ్ల తప్పున్నది. నీ కాళ్ళు మొక్కుత."

ఆమె విసుక్కుంది, కానీ చూస్తానంది. పరీక్ష అయ్యేదాకా బస్టాపులోంచి కదల్లేదు. తల్లికి నెగెటివే వచ్చింది, బిడ్డకు పాజిటివ్. సూది వేశామని చెప్పాక ఓటీపీ చెప్పాను. నలుగురూ చూస్తున్నా అక్కడే ఏడ్చేశాను.

కలిసిపోయినవాళ్ళను విడదీయమంటే, కంపెనీకి రాశామన్నాడు ఆపరేటర్. వాళ్ళు ఇంకా చూస్తున్నారు.

ఈలోగా మిగతా ఐదుగురిలో ఒకామె తల్లిగారింటికి బయల్దేరింది. ఆటో దగ్గరికి పోయి చెయ్యి పట్టుకున్నాను.

"కాన్పుకు పోయిన కాడ రక్తం మళ్ళా చూడుమను. కంప్యూటర్ల ఉన్నది నమ్మొద్దని చెప్పు."

ఆమె నా ముఖంలోకి చూసింది.

"అండ్ల ఉన్నది నువ్వు రాసిందే గద, నర్సమ్మా?"

ఆటో కదిలింది.