నాట్లయినాక

మా మేనత్త పోయింది. కార్తీకం చివర్లో, మద్రాసు ఆసుపత్రిలో. టెలిగ్రాం దొరవారిసత్రం పోస్టాఫీసుకు వచ్చి, అక్కడినుంచి మా ఊరు చేరేసరికి రెండు రోజులు గడిచాయి. నేను వెళ్ళేటప్పటికి దహనం కూడా ఆసుపత్రివాళ్ళే చేసేశారు. పదేళ్ళపాటు ఆవిడను ఇంటికి తెచ్చుకోలేనివాళ్ళం, చివరికి కొరివి పెట్టడానికైనా వేళకు చేరలేకపోయాం.

ఆవిడ మా నాన్నకు చెల్లెలు. పెళ్ళయిన రెండేళ్ళకే భర్త పోతే పుట్టింటికి వచ్చి మా సేద్యంలో సగం తన భుజాన వేసుకుంది. విత్తనాలు దాచడం ఆవిడ పని. మొలగొలుకుల వడ్లు గుప్పెట్లోకి తీసుకుని, ఒక గింజ పంటికింద కొరికి, "ఇంకో ఎండ కావాల" అనేది. నాన్న మారు మాట్లాడకుండా మళ్ళీ ఎండబోయించేవాడు. నన్ను ఎత్తుకుని పెంచింది కూడా ఆవిడే. అమ్మకు కోపం వచ్చినప్పుడల్లా నేను దాక్కునేది ఆవిడ వెనకే.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు ఆవిడకు నిద్ర పట్టడం మానేసింది. తనలో తను మాట్లాడుకునేది. ఒకరోజు పొద్దున్నే నారుమడిలో దిగి, జానెడైనా ఎదగని నారంతా పీకి గట్టుమీద పరిచింది. నాన్న పరుగెత్తుకెళ్తే, "నీళ్ళలో ఊపిరాడక చచ్చిపోతన్నాయన్నా. వినపళ్ళేదా నీకు?" అని ఏడ్చింది. రైతు ఇంట్లో నారు పోయిందంటే ఆ ఏటి తిండి పోయినట్టే. అయినా నాన్న ఆ బురద చేతులు పట్టుకుని ఇంటికి నడిపించుకొచ్చాడు. తర్వాత తాయెత్తులు, విబూది, వేపమండలు. చివరికి కొన్నాళ్ళు పశువుల కొట్టంలో గుంజకు తాడు. ఆ తాడు చూడలేకే నాన్న ఆవిడను మద్రాసు రైలెక్కించాడు. ఇది కూడా చెప్పాలి. లేకపోతే ఇకముందు చెప్పబోయేది విని మీరాయన్ని రాయి అనుకుంటారు.

మూడో ఏడు ఆసుపత్రినుంచి ఇంగ్లీషులో ఉత్తరం వచ్చింది. ఇంట్లో అది చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. జబ్బు నెమ్మదించింది, మందులు వేళకు ఇస్తే ఇంట్లోనే ఉండొచ్చు, ఎవరైనా వచ్చి సంతకం పెట్టి తీసుకెళ్ళండి అని ఉంది. నాన్న పగ్గం పేనుతూ విన్నాడు. పగ్గం కొస ముడేసి, "నాట్లయినాక చూద్దాం" అన్నాడు. ఇంట్లో పెళ్ళి కావలసిన ఆడపిల్లలు ఇద్దరున్నారనీ, ఆవిడ మళ్ళీ నారుమడిలో దిగితే నలుగురూ ఏమంటారోననీ ఎవరూ పైకి అనలేదు. నాట్లయినాక అంటే సరిపోయింది.

ఆ మాట మోసుకుని మద్రాసు వెళ్ళింది నేను. ఆవిడ మూట కట్టుకుని, తల దువ్వుకుని, వరండాలో కూర్చుని ఉంది. నేను చెప్పింది విని మూట పక్కన పెట్టేసింది.

"అవును గదా, నాట్లప్పుడు ఇల్లొదిలి మనిషి ఎట్టా కదులతాడు? నారు ఆగదు నాయనా, నేనాగతాను" అని నాకే సర్దిచెప్పింది. నేను లేచేటప్పుడు, "వచ్చే తడవ టేసనుకు బండి పంపీమను. గడ్డి మందంగా పరవమను. ఈ గచ్చుమీద పడుకుని నడుం పట్టేసింది" అంది. ఇంటికొచ్చి ఆ మాట నాన్నకు చెప్పాను. ఊఁ అన్నాడు.

ఆ తర్వాత కోతలయినాక అన్నాం. ఆపైన నూర్పిళ్ళయినాక. సాకులకు మేము ఎక్కడికీ వెతుక్కుంటూ పోనక్కర్లేదు, సేద్యంలో పని లేని నెల ఉండదు. అక్కచెల్లెళ్ళ పెళ్ళిళ్ళు కూడా అయిపోయాయి, సాకు మాత్రం మిగిలింది. మాఘంలో వచ్చేటప్పుడు మా వరికయ్యలోనుంచి ఒక కంకి తెమ్మనేది. వాసన చూసి, ఒక గింజ కొరికి, "తాలు లేదు. మీ నాయన సేద్యం సేద్యమే" అని మురిసిపోయేది. అక్కడి ఆయాకు మా చెరువు గురించి తమిళంలో చెప్పేది. పిచ్చిదని మేము వదిలేసిన మనిషి, ఆ గోడల మధ్య ఇంకో భాష నేర్చుకుంది.

ఒక ఏడు వానల్లేక చెరువు నిండలేదు. నాట్లే పడలేదు. ఆ మాఘంలో నేను అలవాటు కొద్దీ, "కోతలు నడుస్తున్నాయత్తా, అయిపోగానే వస్తాం" అనేశాను. ఆవిడ నా వట్టి చేతులకేసి చూసింది.

"కార్తీకంలో ఈడ ఒక్క చినుకు పళ్ళేదు. ఈడ లేని వాన మనకాడ మటుకు యాడ పడద్ది? చెరువు నిండకుండా కోతలేందిరా?"

తిట్టి ఉంటే కాళ్ళమీద పడేవాణ్ణి. ఆవిడ నా తల నిమిరింది.

"పోనీలే. నాకు తెలిసిందని మీ నాయనతో చెప్పబాక. పాపం, ఆయన ఇంకో మాట వెతుక్కోవాల."

నేను చెప్పలేదు. ఆ రోజే ఆవిడ చెయ్యి పట్టుకుని బయటికి నడవాల్సింది. సంతకం పెట్టే వయసు నాకప్పటికే వచ్చింది. పెట్టలేదు. తప్పంతా నాన్నమీదికి నెట్టి హాయిగా తిరిగాను. అందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. మరుసటి ఏడు వానలు బాగా పడ్డాయి. మళ్ళీ కంకి పట్టుకెళ్ళాను, ఆవిడ మళ్ళీ కొరికి చూసింది, ఇద్దరం ఏమీ జరగనట్టే మాట్లాడుకున్నాం.

ఈసారి, టెలిగ్రాం అందుకుని వెళ్తే, ఆయా మూట తెచ్చి నా చేతికిచ్చింది. "దినం పొద్దున కట్టేది, సాయంత్రం విప్పేది. రేపు వస్తారు అంటది" అంది వచ్చీరాని తెలుగులో. అందులో రెండు చీరలు, దువ్వెన, దారంతో కట్టిన వరికంకులు ఉన్నాయి. ఏడు కంకులు, వాటి మధ్య ఒక ఉత్త గడ్డిపోచ. అది ఏ ఏటిదో నాకొకరు చెప్పనక్కర్లేదు.

దొరవారిసత్రంలో పాసింజరు దిగేసరికి స్టేషను బయట మా బండి ఉంది. బండినిండా ఎండుగడ్డి మోకాలెత్తు పరిచి, పైన దుప్పటి వేసి ఉంది. బండి తోలే ముసలాయన నా వెనక ఆవిడ శవమైనా రాకపోవడం చూసి తల దించుకున్నాడు.

"ఈ పొద్దు నాట్లు ఆపేసినాడయ్యా మీ నాయన. గడ్డి తనే పరిచినాడు. నన్ను చెయ్యి పెట్టనీలా."

మూటను ఆ గడ్డిమీద పెట్టాను. నేను ఎక్కలేదు, బండి వెనకే నడిచాను. దారికి రెండువైపులా ఆడవాళ్ళు వంగి నాట్లు వేస్తున్నారు. మా కయ్యలో మాత్రం మనిషి లేడు. గట్టుమీద, పీకిన నారు కట్టలు వరసగా, ఎండలో, ఆగి ఉన్నాయి.