జీడిపప్పుకి నేను రాసిన రామకోటి

దసరా సెలవులు అయ్యాక వచ్చిన సోమవారం, పొద్దున్న పదకొండు దాటి పది నిమిషాలైంది. నర్సీపట్నంలో మా ఇంటి ముందుగదే మా జీడిపప్పు కొట్టు. అందులో మా కోడలు ఫోను చేత్తో పట్టుకుని కూర్చుంది. పన్నెండులోగా ఆమె ఒక ప్రైవేటు బడికి జవాబు చెప్పాలి, మళ్లీ టీచరుగా వస్తుందో రాదో.

ఆ ఉద్యోగం ఆమె వేసవిలో మానేసింది. చుట్టుపక్కల తోటల్లో గింజలు కొని, మా పెరట్లోనే పప్పు తీయించి, వెబ్‌సైటు పెట్టి అమ్ముతానంది. దీపావళి మిఠాయిలకి జనం మన దగ్గర కొంటే నిలబడతాం, కొనకపోతే మూసేద్దాం అని ముందే చెప్పింది. దీపావళి దగ్గరకొచ్చేసింది. మా సైటు ఎవరికీ కనబడటం లేదు. కనబడకుండా చేసిన మనిషిని నేనే.

నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. మా అబ్బాయికి పెళ్లయ్యాక, వయోజన విద్య వాళ్ల సాయంత్రం తరగతిలో కూర్చుని నేర్చుకున్నాను. చిన్నప్పుడు నేర్చుకున్నవాళ్లు అక్షరాన్ని ఎక్కడపడితే అక్కడ పారేస్తారు. నేను అలా కాదు. రాత కుదరగానే రామకోటి మొదలుపెట్టాను. ఎన్నిసార్లు రాస్తే అంత ఫలం. రాత గురించి నాకు తెలిసింది అంతే.

సైటు పెట్టిన కొత్తలో నా ఫోనులో జీడిపప్పు అని వెతికితే మా కొట్టే అందరికంటే పైన వచ్చేది. వీధిలో ఇల్లిల్లూ తిరిగి చూపించాను. బతుకులో నాకొచ్చిన మొదటి ర్యాంకు, ఊరుకుంటానా? తీరా మా ఆయన ఫోనులో చూస్తే మా కొట్టు ఎక్కడో అడుగున ఉంది.

కోడలు నవ్వింది. "అత్తయ్యా, మీరు రోజూ అదే తెరుస్తున్నారు కదా. మీకేది ఇష్టమో మీ ఫోను పట్టేసింది. అందుకే మీకు పైన చూపిస్తోంది. ఊళ్లోవాళ్లకి కాదు."

నాకు రోషం వచ్చింది. "మరి ఊళ్లోవాళ్లకి ఎలగ కనిపిస్తాదే?"

"వాళ్లు ఏ మాటలతో వెతుకుతారో ఆ మాటలు మన పేజీలో ఉండాలి."

నాకు ఆ ముక్క చాలు. అప్పటికే ముచ్చటపడుతున్నానని మా కొట్టు గురించి రాసే పేజీ నాకు అప్పజెప్పి, ఆమె రావికమతం పుట్టింటికి వెళ్లింది. నేను రోజూ స్నానం చేసి, దీపం పెట్టి, ఒక్క వేలితో రాశాను. నర్సీపట్నం జీడిపప్పు, నర్సీపట్నం జీడిపప్పు, నర్సీపట్నం జీడిపప్పు. పేజీ పైనుంచి కిందిదాకా అదే. రాసినదాన్ని మళ్లీ మళ్లీ అతికించే కిటుకు ఉందని తెలుసు. కానీ రామకోటిలో ఎవరైనా అతికిస్తారా? నాకు అంత అప్రతిష్ఠ అక్కర్లేదు.

కోడలు తిరిగొచ్చి చూసి తల పట్టుకుంది. ఈలోపే సైటు అడుగు నుంచి కూడా జారిపోయింది.

"ఒకే మాట ఇన్నిసార్లు రాస్తే, చదివేవాళ్ల కోసం కాదు, ర్యాంకు కోసం రాశారని సెర్చింజన్ వెనక్కి తోసేస్తుంది అత్తయ్యా."

"దేవుడికి పనికొచ్చింది దానికి పనికిరాదేటి?" అన్నాను.

అరుగు మీద పేపరు చదువుతున్న మా ఆయన తల కూడా ఎత్తలేదు. "దేవుడు లెక్కెట్టుకుని ఊరుకుంటాడే. అది చదువుతాది" అన్నాడు.

కోడలు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. నేను రాసిందంతా తుడిచేసి, ఎదురుగా కూర్చోబెట్టుకుంది. "మీరు రాయకండి, చెప్పండి. కొట్టుకి వచ్చినవాళ్లు మిమ్మల్ని ఏం అడుగుతారు?"

"ఏటడుగుతారు! పాయసానికి గుండు పప్పే కావాలా, ముక్క సాలదా అంటారు. పురుగు పట్టకుండా ఎలగ దాసుకోవాలి అంటారు. పిల్లలకి నానబెట్టి పెట్టొచ్చా అంటారు. బుర్ర తినేస్తారు."

బుర్ర తినే ఆ ప్రశ్నలనే ఆమె ఒక్కొక్క పేజీకి శీర్షికగా పెట్టి, కింద నా జవాబు రాసింది. నేను సరదాపడి ఎక్కించిన బరువైన ఫోటోల వల్ల పేజీ తెరుచుకునేసరికి టీ చల్లారిపోయేది. వాటిని తేలిక చేసి, ఏ ఫోటోలో ఏముందో కింద రాసింది. మ్యాపులో కొట్టు ఎక్కడుందో పెట్టింది. కొన్నవాళ్లని నాలుగు మాటలు రాయమంది. మా పప్పు వాడే వంటల కాంట్రాక్టరు తన సైటులో మా సైటు పేరు పెట్టాడు. అన్నీ చేసి, "ఇప్పుడే ఏమీ జరగదు, వారాలు పడుతుంది" అంది. ఆ వారాలు గడుస్తుండగానే బడివాళ్లు మళ్లీ పిలిచారు.

అందుకే ఆ సోమవారం నేను గడియారం మీదే కన్నేసి ఉన్నాను. ఆమె బడికి వెళ్లిపోతే, ఆమెను పంపించింది నా వేలే.

చాప మీద పప్పు పొట్టు తీస్తున్న పక్కింటావిడ నన్ను చూసి, "నీ రామకోటి రాముడికి అందినాదో లేదో గాని వదినా, కొట్టుకి మాత్రం తాళం ఏసీసినావు" అంది.

"నోరుముయ్యే" అన్నాను.

ఫోను మోగింది. బడివాళ్లే అనుకుని కోడలు లేచి నిలబడింది. ఎవరో ఆడమనిషి గొంతు. గొలుగొండ నుంచట.

"పాయసానికి ముక్క సాలు అని రాసారు కదండీ, నిజమేనా? దీపావళికి మా వీధోలందరం కలిపి తెప్పించుకుందామని."

"నిజమేనండీ. మా గురించి మీకెవరు చెప్పారు?"

"ఎవులూ సెప్పనేదండీ. ఫోన్లో అడిగితే మీరొచ్చారు."

కోడలు ఎంత కావాలో, ఎక్కడికి పంపాలో రాసుకుని ఫోను పెట్టేసింది.

"ఒక్క ఫోనుతో కొట్టు నిలబడదు అత్తయ్యా."

"నిలబడదు" అన్నాను. అబద్ధం చెప్పి ఆమెను ఆపాలని ఉంది, కానీ నాకు అబద్ధం కుదరదు.

ఆమె గోడగడియారం కేసి చూసింది. బడికి ఫోను చేసింది. "ఈ ఏడాదికి రాలేనండీ, ఇంకొకరిని చూసుకోండి" అంది. తరువాత నా వైపు తిరిగి, "జనం ఇంకా ఏం అడుగుతారో చెప్పండి. ఒక్కో మాట ఒక్కసారే!" అంది.

ఆ రోజు అక్కడున్నవాళ్లం వీళ్లం: స్టూలు మీద మా కోడలు, అరుగు మీద మా ఆయన, చాప మీద పక్కింటావిడ, గొంతు మాత్రం వచ్చి వెళ్లిన గొలుగొండ ఆవిడ, కళ్లజోడు కోసం తడుముకుంటున్న నేను. మా అబ్బాయి ఆఫీసులో ఉన్నాడు, వాణ్ణి లెక్కలో కలపకూడదు.