అయిదు కాగితాలు, ఒక జీడి మరక

నేను చదవకుండా సంతకం పెట్టానంటే మా ఊళ్లో ఎవరూ నమ్మరు. రేషన్ డిపో తూకం దగ్గర్నుంచి శుభలేఖలో ముహూర్తం దాకా దేన్నీ ఊరికే వదలనని నాకు పేరు. డిగ్రీ చదివినందుకు ఉద్యోగం రాలేదు గాని ఈ పేరు వచ్చింది. చివరికి అదే నా మీదికి తిరగబడింది.

మా ఉద్దానంలో, పూండికి అవతల, ఇసక నేలలో మాకు కొబ్బరీ జీడీ కలిసిన తోట ఒకటుంది. దానికి ఒకే ఒక్క బాట, పక్క తోట అంచునే పోతుంది. ఆ తోటాయన ఒక రోజు సిమెంటు స్తంభాలు పాతి తీగ కట్టేశాడు. మా మావగారి కాలం నుంచీ బళ్లు తిరిగిన బాట. కాయలు ఎక్కడి నుంచి మోసుకు రావాలి? తోట నా పేరున ఉంది గనక నేనే కేసు వెయ్యక తప్పలేదు.

మా వేపు లాయరుని తెలివి చూసి పెట్టుకోరు, వరస చూసి పెట్టుకుంటారు. టెక్కలిలో ఆఫీసున్న లాయరు నాకు వరసకి బావ. ఇంకేం చూస్తాం? పైగా ఆయన దగ్గరో పద్ధతి ఉండేది. వకాల్తాతో పాటు నాలుగు తెల్లకాగితాల మీద కూడా సంతకాలు తీసుకునేవాడు. ప్రతి చిన్నదానికీ పార్టీ టెక్కలి దాకా రానక్కర్లేకుండానట. మా ఊళ్లవాళ్లు దాన్ని ఆయన మంచితనం అనుకునేవారు.

ఆయన మా ఇంటికి వచ్చిన పొద్దున నేను అరుగు మీద కూర్చుని కాల్చిన జీడిపిక్కలు కొడుతున్నాను. చేతులకి బూడిద రాసుకున్నా సొన అంటుతూనే ఉంది.

"ఏటే మరదలా, బేగి సంతకాలెట్టీ. నాకు బస్సుంది."

"ఒకదాని మీదే అచ్చుంది, మిగతాయన్నీ కాళీయే. ఏటి బావా ఇవి?"

"నీకు బస్సు చార్జీలు మిగుల్దామని. బావ మీద నమ్మకం లేదేటి?"

నమ్మకం లేదనడానికి నోరు రాలేదు. రాకపోవడం అదే మొదటిసారి. చేట తిరగేసి, దాని మీద అయిదు కాగితాలూ పెట్టుకున్నాను. సముద్రపు గాలికి ఎగరకుండా ఎడమ మూల బొటనవేలితో నొక్కిపట్టి, కిందవాటి అంచులు ఎత్తుతూ గబగబా గీకేశాను.

ఆ ఏడే బావ కొడుక్కి పెళ్లయింది. పెళ్లికూతురు ఎవరనుకున్నారు? మా తోట పక్క తోటాయన కూతురే! నేను వెళ్లాను, అక్షింతలు వేశాను, రెండు జిలేబీలు తిన్నాను. రెండు వారాల తరవాత మా ఆయన వాయిదా ఎప్పుడో కనుక్కుందామని కోర్టుకి వెళితే, మీ కేసు ముగిసిపోయింది కదా అన్నారట. "రాజీ పడ్డాం, నా ఇష్టప్రకారమే కేసు వదులుకుంటున్నాను" అని ఓ కాగితం, దాని కింద నా సంతకం.

ఆ రోజే టెక్కలి వెళ్లాను.

"ఇప్పుడు అందరం సుట్టాలమైపోయాం. మనలో మనకి కేసులేటే?" అన్నాడు బావ, ఫ్యాను నా వేపు తిప్పుతూ.

"నా తోటకి దారేదీ?"

"సముద్రం వేపునుంచి ఎల్లు. గాలి బావుంటాది."

ఆ గాలి మాటతోనే నేను బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు రాయడం మొదలుపెట్టాను. పదకొండు పేజీలైంది. పలాసలో కొత్తగా కుదుర్చుకున్న లాయరమ్మ దాన్ని మూడు పేజీలకి తెచ్చింది.

"అమ్మా, జిలేబీలో పాకం లేదన్న సంగతి తీసేద్దాం."

"నిజమే కదమ్మా?"

"నిజమే. కాని అది లాయరు తప్పు కాదు, వంటవాడి తప్పు." తరవాత అసలు సంగతి చెప్పింది. బాట ఇప్పించేది కోర్టే గాని బార్ కౌన్సిల్ కాదట. కాకపోతే అక్కడ మోసం తేలితే ఇక్కడ కేసు మళ్లీ తెరిపించడం తేలికవుతుందట. తేలకపోతే మాత్రం బాట మీద ఆశ వదులుకోవడమే.

బార్ కౌన్సిల్ క్రమశిక్షణ కమిటీగా ముగ్గురు పెద్దలు కూర్చున్నారు. బావ తరఫు లాయరు నన్ను చాలా మర్యాదగా అడిగాడు.

"మీరు డిగ్రీ చదివారా?"

"చదివాను."

"రేషన్ తూకం మీద కలెక్టరుగారికి అర్జీ పెట్టింది మీరేనా?"

"నేనే."

"అమ్మవారి ఊరేగింపు ఏ వీధిలోంచి వెళ్లాలో పూజారితో వాదించింది?"

"అదీ నేనే. గెలిచాను కూడా."

"అలాంటి మీరు తెల్లకాగితం మీద సంతకం పెట్టారంటే మేం నమ్మాలా?"

ముగ్గురూ నవ్వు ఆపుకున్నారు. నేను లాయరమ్మ వేపు చూశాను.

అప్పుడు లాయరమ్మ లేచి, కోర్టు నుంచి తెప్పించిన అసలు కాగితాలు రెండు చూపించింది. ఒకటి కేసు వేసిన రోజునే కోర్టుకి చేరిన వకాల్తా, రెండోది ఎనిమిది నెలల తరవాతి తేదీతో ఉన్న రాజీ కాగితం. రెండింటికీ ఎడమ మూల గోధుమరంగు మరక ఉంది. వకాల్తా మీద బొటనవేలి గీతలతో సహా చిక్కగా, రెండోదాని మీద పలచగా. ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుగుకి ఎత్తితే మరక మీద మరక సరిగ్గా కూర్చుంది.

"ఏమిటిది?" అన్నాడు మధ్యలో కూర్చున్న పెద్దాయన.

నాకు నోరు తిరిగొచ్చింది. "జీడి సొనండి! పిక్కలు కొడతన్నాను, కాగితాలు ఎగిరిపోతాయని బొటనేలుతో నొక్కీసేను. సొన అన్నిట్లోకీ దిగిపోనాదండి. అన్నీ ఒక్క రోజు సంతకాలేనండి!"

పెద్దాయన బావ వేపు తిరిగాడు. "మీరేమంటారు?"

బావ ఆ కాగితాలు అందుకుని వెలుగుకి ఎత్తి చూశాడు. ఎన్ని అబద్ధాలైనా ఆడగలడు గాని, ఉద్దానంలో పుట్టినవాడు జీడి మరకని టీ మరక అనలేడు.

"జీడి మరకేనండి" అన్నాడు.

బావ రెండేళ్లు కోర్టు మెట్లెక్కకూడదని ఉత్తర్వు వచ్చింది. లాయర్ల జాబితాలోంచి పేరే కొట్టేస్తారని నేను ఆశపడ్డాను. రెండేళ్లు ఏ మూలకని లాయరమ్మతో అరగంట వాదించాను. ఆవిడ ఓపిగ్గా విని, కేసు మళ్లీ తెరిపించే అర్జీ నా ముందు పెట్టింది. ప్రతి ముక్కా చదివాను. ఒక చోట సర్వే నంబరు తప్పు కూడా పట్టాను. కేసు మళ్లీ తెరిచారు. తీర్పు ఇంకా రాలేదు గాని, అది వచ్చేదాకా బాటకి అడ్డు పెట్టకూడదని చెప్పారు. స్తంభాలు పీకించారు.

మొన్న కొబ్బరికాయల గంపతో ఆ బాటనే వస్తున్నాను. బావ పూల చొక్కా వేసుకుని వియ్యంకుడి తోట అంచున నులకమంచం మీద కూర్చున్నాడు.

"ఏటే మరదలా, ఆ రోజు అరుగు మీదే ఈ నోరు ఇప్పుంటే నా కోటు నాకుండును కదే!"

"నువ్వు ఇంకో ఏడు కాళీయే కదా బావా. మా ఇంట్లో పిక్కలు కొట్టడానికి మనుసులు దొరకట్లేదు, వత్తావా?"

"వత్తాను గాని సంతకం ఎట్టమంటావేటి?"

"ఎట్టాలి. సదివి మరీ ఎట్టాలి."

పకపకా నవ్వాడు. నేను నవ్వలేదు. మంచం కోళ్లు రెండు బాట మీదికి ఉన్నాయి. గంప నెత్తిన పెట్టుకుని అలాగే నిలబడ్డాను. కాసేపటికి ఆయనే లేచి, మంచం లోపలికి జరుపుకున్నాడు.