ఊపిరికొక గోవిందా

నా చిన్నప్పుడు ఎండాకాలం వచ్చిందంటే మా పక్క మధ్యాహ్నాలు నిశ్శబ్దంగా ఉండేవి కావు. పుంగనూరు నుంచి సోమల పోయే దారిలో మాదొక చిన్న పల్లె. అంతా మెట్ట. బావిలో నీళ్లు అడుగంటితే ఇంకా లోతుకు తవ్వుకోవడమే. కొంత తవ్వేసరికి మట్టి అయిపోయి బండ తగిలేది. ఆ బండకు బెజ్జాలు వేసి, మందు కూరి, వత్తి అంటించి పేల్చేవాళ్లు. పేల్చేముందు ఒకాయన గట్టెక్కి 'మందో... మందు' అని గొంతెత్తి అరిచేవాడు. చుట్టుపక్కల పొలాల్లో ఉన్నవాళ్లంతా పనులు వదిలేసి దూరంగా పోయేవాళ్లు. కాసేపటికి కాళ్ల కింద భూమి అదిరేది. పిల్లలం, మాకు అదొక వేడుక.

మా నాయన మా సొంత బావిలోనే పోయాడు.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఆయనకు సంగటి తీసుకుని పోయాను. ఆ రోజు పెట్టిన మందుల్లో ఒకటి పేలలేదట. చాలాసేపు చూసి, కూలికి వచ్చినవాళ్లను దింపడం ఇష్టంలేక తానే దిగాడట. ఇదంతా తర్వాత పెద్దవాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను. నాకు తెలిసింది మాత్రం ఇంతే. ఒడ్డుకు వచ్చి లోపలికి తొంగిచూశాను. అడుగు నుంచి ఆయన తలెత్తాడు. ముఖం సరిగ్గా కనపడలేదు, తలకు చుట్టుకున్న తువ్వాలు తెల్లగా కనపడింది. "అమ్మణ్ణీ, ఆడ నిలబడాకు. దూరంగా పో!" అని గట్టిగా కసిరాడు. గిన్నె చంకలో పెట్టుకుని ముఖం ముడుచుకుని కానుగచెట్టు వైపు నడిచాను. నీడలోకి చేరీ చేరకముందే వెనక భూమి అదిరింది.

ఆ తర్వాత చప్పుడు అన్నది ఏది విన్నా నాకు ఆ గొంతు వినపడేది. గాలికి తలుపు కొట్టుకున్నా, ఎవరైనా బిందె కింద పడేసినా, ముందు ఒళ్లంతా బిగుసుకుపోయేది. వెంటనే చెవి పక్కనే 'దూరంగా పో' అని వినపడేది. జ్ఞాపకం వచ్చినట్టు కాదు. మనిషి వెనక నిలబడి అన్నట్టే. నేను పరిగెత్తేదాన్ని. వాకిలి దాటి, వీధి దాటి, ఊపిరి ఆడనంత వరకు పరిగెత్తేదాన్ని. బడి మానేశాను. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. తండ్రి ఆత్మ పిల్లను వదలడం లేదని వీధిలో అనుకున్నారు. ఆ మాట నన్ను భయపెట్టలేదు. నా బాధ వేరే. ఆయన నాతో అన్న ఆఖరి మాట కసురు. నన్ను పొమ్మని తాను పోయాడు.

మా అమ్మ ఆ రోజుల్లో ఏడవడం నేను చూడలేదు. పెదవులు బిగించుకుని పొలం పని, ఇంటి పని చేసుకుపోయేది. నన్ను చూస్తే మాత్రం చూపు తిప్పుకునేది. చివరికి మదనపల్లె నుంచి మా అవ్వ, అంటే అమ్మ తల్లి, వచ్చి నన్ను తనతో తీసుకుపోయింది.

అవ్వ చాలా మంచి మనిషి. తనకు తెలిసిన మందు తాను చెప్పింది. "బయమేస్తే గోవిందా గోవిందా అనుకో అమ్మణ్ణీ. యాదీ నీ దగ్గిరికి రాదు" అంది. నేను నమ్మాను. చప్పుడు వినగానే గోవిందా గోవిందా గోవిందా అని మొదలుపెట్టేదాన్ని. కుక్క మీదికి రాళ్లు విసిరినట్టు ఆ పేరును విసిరేదాన్ని. ఒకదాని మీద ఒకటి పడిపోయేవి. మధ్యలో ఎక్కడ ఖాళీ దొరికినా ఆ గొంతు దూరేది. నేను ఇంకా వేగం పెంచేదాన్ని. కొన్నాళ్లకు గోవిందా అంటేనే నాకు భయం వేయడం మొదలైంది.

అవ్వ ఇంటి పక్కనే ఒక అక్క ఉండేది. ఊళ్లో మిషన్ ఆసుపత్రిలో, దగ్గురోగుల వార్డులో పని. క్రైస్తవులు. తెల్లచీర, ముడి, చేతిలో ఎప్పుడూ ఒక గుడ్డసంచి. పెద్దగా మాట్లాడేది కాదు. అవ్వకు ఒక పొట్టి పుంగనూరు ఆవు ఉండేది. సాయంత్రం డ్యూటీ నుంచి వస్తూ ఆ అక్క మా ఇంట్లోనే పాలు పోయించుకునేది.

ఒక సాయంత్రం వీధి చివర లారీ టైరు పేలింది. నేను కొట్టంలోకి దూరి, పడుకుని నెమరేస్తున్న ఆవుకూ గోడకూ మధ్య ముడుచుకుని, కళ్లు మూసుకుని గోవిందా గోవిందా అని గొణుగుతున్నాను. కళ్లు తెరిచేసరికి అక్క పాలగిన్నె పక్కన పెట్టి నాకు ఎదురుగా గొంతుక్కూర్చుని ఉంది.

"యాల అంత బిరబిరా అంటాండావు? ఎవురన్నా తరుముకుంటాండారా?" అంది.

అప్పటిదాకా ఎవరికీ చెప్పని మాట ఆమెకు చెప్పాను. మా నాయన వచ్చి దూరంగా పొమ్మంటున్నాడని చెప్పాను. ఆమె అయ్యో అనలేదు, దెయ్యమనీ అనలేదు. ఆవును చూస్తూ తన సంగతి చెప్పింది. వార్డులో పోయినవాళ్ల దగ్గు ఆమెకు ఇంటికి వచ్చాక వినపడుతుందట. అన్నం కలుపుకుంటుంటే వినపడుతుంది, ప్రార్థనలో ఉన్నా వినపడుతుంది. ఎవరి దగ్గు ఏదో కూడా ఆమె గుర్తుపట్టగలదు.

"మళ్లా నువ్వేం జేస్తావక్కా?"

"యేసయ్యా అనుకుంటాను. ఒగసారి. ఊపిరి పూర్తిగా వదిలినాక ఇంగొగసారి. మద్దెలో దగ్గు ఇనపడితే ఇంటాను."

"ఎప్పుడు పోతాది?"

ఆమె నా వైపు తిన్నగా చూసింది. "పోదు తల్లీ. నాకు పోలేదు. ఆ పేరు వాళ్లను తరిమేదానికి కాదు. నువ్వు పరిగెత్తకుండా ఉండేదానికి."

నా చెయ్యి తీసుకుని ఆవు డొక్క మీద పెట్టింది. వెచ్చగా ఉంది. డొక్క నిదానంగా పైకి లేచి, నిదానంగా కిందికి దిగింది. "ఇది ఊపిరి వదిలినప్పుడు నీ గోవిందా అను. ముందు అనొద్దు. అది వదిలేదాకా కాసుకోవాల" అంది. మీ దేవుడి పేరు చెప్పాలా అని అడిగాను. "నీకు మీ అవ్వ ఇచ్చింది కదా, అదే చాలు" అంది. మొదట నేను ఓపిక పట్టలేకపోయాను, ఆవు కన్నా ముందే రెండు మూడు గోవిందాలు బయటపడ్డాయి. అక్క నవ్వలేదు, తొందర పెట్టలేదు. కాసేపటికి నా ఊపిరి కూడా ఆవు ఊపిరి వెంట నడవడం మొదలుపెట్టింది. రెండు గోవిందాల మధ్య ఎంత ఖాళీ ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. ఆ ఖాళీలో మా నాయన గొంతు వచ్చింది. నేను లేవలేదు. మళ్లీ డొక్క దిగేదాకా ఆగి, గోవిందా అన్నాను.

అప్పటినుంచి రోజూ సాయంత్రం కొట్టంలోకి పోయి ఆవు పక్కన కూర్చునేదాన్ని. కొన్నాళ్లకు ఆవు లేకపోయినా కుదిరేది.

మరుసటి ఎండాకాలం అమ్మ కబురు పంపింది. బావి పని మళ్లీ మొదలుపెట్టిస్తోందట. అవ్వ తలబాదుకుంది. మొగుణ్ణి మింగిన బావి, పూడ్చేయక ఇంకా తవ్విస్తుందా అని. కానీ పొలంలో చెట్లు ఎండిపోతున్నాయి, అమ్మకు వేరే దిక్కు లేదు. నేను పోతానన్నాను. ఎందుకన్నానో నాకు తెలియదు. అమ్మ ఒక్కతే ఆ గట్టున నిలబడి ఉంటుందన్న ఊహ నన్ను కూర్చోనివ్వలేదు. పక్కింటి అక్క ఆ రోజు సెలవు పెట్టి మాతో బస్సెక్కింది.

మేం చేరేసరికి బెజ్జాల్లో మందు కూరుతున్నారు. అమ్మ కానుగచెట్టు కింద నిలబడి ఉంది. నన్ను చూసి, "దీన్ని యాల పిలుసుకొచ్చినావు?" అని అవ్వను కసిరింది. ఇంతలో గట్టుమీది ఆయన 'మందో... మందు' అని అరిచాడు.

నాకు కాళ్లలో పరుగు పుట్టింది. ఊపిరి వదిలి గోవిందా అన్నాను. మళ్లీ వదిలి మళ్లీ అన్నాను. అప్పుడు అమ్మను చూశాను. కళ్లు బావి మీద ఉన్నాయి. పిడికిళ్లు బిగుసుకుని ఉన్నాయి. ఆమె ఊపిరి పీల్చడం లేదు. ఏడాదిగా ఆమె అలాగే, ఊపిరి బిగబట్టుకునే తిరుగుతోందని నాకు అర్థమైంది. నేనొక్కదాన్నే పరిగెత్తుతున్నాననుకున్నాను. ఆమె కదలకుండా నిలబడి పరిగెత్తుతోంది.

అమ్మ దగ్గరికి పోయి, చీర మీద నుంచే కడుపు మీద చెయ్యి పెట్టాను. రాయిలాగా ఉంది. "అమ్మా, ఊపిరి ఇడువు. ఇడిసినాక గోవిందా అను" అన్నాను. ఆమె నన్ను తోసెయ్యలేదు. చాలాసేపటికి ఆ కడుపు కొద్దిగా దిగింది. ఆమె తరఫున నేనే గోవిందా అన్నాను. ఇంకోసారి దిగింది. ఇంకోసారి అన్నాను. మూడోసారి కూడా నేనే అనబోతుండగా భూమి అదిరింది.

'దూరంగా పో.'

వచ్చింది. ఎప్పటికన్నా స్పష్టంగా వచ్చింది. దుమ్ము పైకి లేచి మా వైపు వస్తోంది. నేను పోలేదు. నా చేతి కింద అమ్మ కడుపు ఎగిరెగిరి పడుతోంది. ఆమె ఏడుస్తోంది. పెద్దగా, ఊరంతా వినపడేట్టు ఏడ్చింది. ఆ ఏడుపు మధ్యలో, ఊపిరి అందినప్పుడల్లా, గోవిందా అంటోంది. అక్క కొంచెం దూరంగా నిలబడి తల వంచుకుని తన దేవుడి పేరు తాను చెప్పుకుంటోంది.

కొన్ని రోజులకు నీళ్లు పడ్డాయి. మొదటి దోసిలి అమ్మ తాగింది. నేను ఆ నీళ్లు ఎప్పుడూ తాగలేకపోయాను. బలవంతం చేయవద్దని అమ్మే అందరికీ చెప్పింది.

ఇప్పుడు కుప్పంలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మొన్న ఇక్కడి డాక్టరు బీపీ మాత్రలు రాసి, రోజూ కాసేపు కదలకుండా కూర్చుని ఊపిరి మీద ధ్యాస పెట్టమన్నాడు. సరేనయ్యా అన్నాను. ఈ పక్కన గ్రానైట్ క్వారీలు ఎక్కువ. కొన్ని మధ్యాహ్నాలు ఎక్కడో పేలుస్తారు, కిటికీ అద్దాలు అదురుతాయి. ఆ గొంతు వస్తుంది. అక్క అబద్ధం చెప్పలేదు, అది పోలేదు. అది కసురో, కంగారో, ప్రేమో ఈ వయసులో కూడా నేను తేల్చుకోలేదు. మా నాయన పోయేనాటికి ముప్పై దాటిన మనిషి. ఇప్పుడు ఆ గొంతు మా అబ్బాయి గొంతు కన్నా చిన్నది. ఇంత లేత గొంతుకా నేను ఇన్నేళ్లు భయపడ్డాను అనిపిస్తుంది. ఊపిరి వదిలి గోవిందా అంటాను. తర్వాత కాసేపు మాట్లాడకుండా ఆగుతాను, ఆయన ఇంకేమైనా అంటాడేమోనని.